విప్పి పెట్టిన యెజ్డీకి పర్సనల్ లోన్ వద్దు

ప్రశ్న: సార్, మాది తిరుపతి. నాకు 36 ఏళ్లు. రేణిగుంట దగ్గర ప్రైవేటు కంపెనీలో ఉద్యోగం, జీతం చేతికి 46 వేలు. నా భార్య ఇంట్లోనే బ్లౌజులు కుడుతుంది, నెలకు 7 వేల దాకా వస్తాయి. ఇద్దరు పిల్లలు. ఇంటి ఖర్చులు, ఫీజులు కలిపి 36 వేలు. 20 నెలల లక్ష రూపాయల చీటీకి నెలకు 5 వేలు, 11 నెలలు కట్టాను. మా నాన్నగారి 1981 మోడల్ యెజ్డీ రోడ్‌కింగ్ మోటార్‌సైకిల్‌ను ఇంటి వెనక రేకుల షెడ్డులో నేనే విప్పి బాగు చేసుకుంటున్నాను. 60 వేలలో అయిపోతుందనుకుంటే లక్షా 40 వేలు అయింది. ఎఫ్‌డీ రద్దు చేసి 60 వేలు పెట్టాను, మిగతా 80 వేలు క్రెడిట్ కార్డు మీద ఉన్నాయి, కనీస మొత్తం కడుతున్నాను. పూర్తి కావాలంటే ఇంకా లక్షన్నర కావాలి. బ్యాంకులో 55 వేలున్నాయి. పర్సనల్ లోన్ 16 శాతానికి మూడేళ్లకు ఇస్తామంటున్నారు. లేదంటే భార్య నగలు కుదువ పెట్టాలి. తెలిసినాయన ఒకరు మూడు రూపాయల వడ్డీకి వెంటనే ఇస్తానంటున్నాడు. ఏది మంచిది? పూర్తయితే బండి రెండున్నర లక్షలకు పోతుందంటున్నారు, దీన్ని పెట్టుబడి అనుకోవచ్చా? నాన్నకు 67 ఏళ్లు, షుగర్ ఉంది. ఆయనకు 70 నిండేలోపు ఈ బండి మీద కాణిపాకం తీసుకెళ్లి పూజ చేయించాలని కోరిక.

జవాబు: మూడింటిలో ఏదీ వద్దు.

బండి బాగు చేయడం తప్పని నేను అనడం లేదు. నాన్న బండిని కొడుకు తన చేత్తో నిలబెట్టాలనుకోవడం మంచి కోరిక. కిక్కు కొట్టి, అదే రాడ్డును ముందుకు తిప్పి గేరుగా వాడే ఆ బండి మీద మీరు చిన్నప్పుడు ట్యాంకు పట్టుకుని కూర్చున్న సంగతి కూడా రాశారు. దానికి డబ్బు పెట్టడాన్ని దుబారా అనలేను. పొరపాటు వేరే చోట జరిగింది. ఎంత అవుతుందో ముందుగా తెలియని పనికి, ఇంటికి ఆసరాగా దాచిన డబ్బును మొదటే తీసి వాడేశారు. మేడ మీద గది మొదలుపెట్టినవాళ్లు, పాత కారు కొన్నవాళ్లు, చెల్లెలి పెళ్లి మంటపం మాట్లాడుకున్నవాళ్లు, అందరూ ఇదే చేస్తున్నారు. అందుకే మీ ఉత్తరానికి ఇంత వివరంగా జవాబు రాస్తున్నాను.

ఆ 60 వేల ఎఫ్‌డీ మీ ఇంటి అత్యవసర నిధి. మీరు దానికి ఆ పేరు పెట్టుకోలేదు, అంతే. పేరు పెట్టని డబ్బు ముందుగా ఏ అవసరం తలుపు తడితే దానికి వెళ్లిపోతుంది. మీకు ముందుగా తలుపు తట్టింది పిస్టన్.

మీరు పంపిన ఖర్చుల కాగితం రెండుసార్లు చదివాను. మొదటి వారం రాసుకున్నవి మూడే పద్దులు: సిలిండర్ బోరింగ్, పిస్టన్, రింగులు. ఇంజన్ అడుగు భాగం, అంటే క్రాంక్‌కేస్ విప్పాక కనెక్టింగ్ రాడ్ వదులై ఆడుతోందని తేలింది. రాడ్ మారిస్తే బేరింగులూ మార్చాలి, వాటితో పాటు ఆయిల్ సీళ్లు. టూ-స్ట్రోక్ ఇంజన్‌లో సీళ్లను వదిలేయడానికి వీల్లేదు. అక్కడ బయటి గాలి పీల్చిందంటే పెట్రోలు-గాలి మిశ్రమం పలచబడి, వేడెక్కి, కొత్తగా వేసిన పిస్టన్ కూడా పట్టేస్తుంది. అంటే ఆ ఖర్చులు పెట్టక తప్పలేదు, మీరు అనవసరంగా పెట్టినవి కావు. యెజ్డీలు తయారుచేసిన మైసూరు ఫ్యాక్టరీ 1996లోనే మూతపడింది కాబట్టి సామాను కోసం చెన్నై పుదుపేట పాత సామాన్ల బజారుకు మూడు సార్లు తిరిగారు. ఇంకా వైరింగ్ ఉంది, ట్యాంకుకూ సైలెన్సర్లకూ క్రోమ్ ఉంది, పెయింట్ ఉంది. ఇప్పుడు మీరు చెబుతున్న లక్షన్నర కూడా అంచనాయే. 60 వేలు లక్షా 40 వేలు అయిన చోట, లక్షన్నర లక్షన్నరగానే ఆగుతుందని నమ్మి మూడేళ్ల ఈఎంఐకి సంతకం పెట్టకండి.

పెట్టుబడి అనుకోవచ్చా అని అడిగారు. మీ అంకెలతోనే చూద్దాం. ఇప్పటికి లక్షా 40 వేలు, ఇంకా లక్షన్నర, దాని మీద 16 శాతం చొప్పున మూడేళ్లకు దాదాపు 40 వేల వడ్డీ. మొత్తం 3 లక్షల 30 వేలు. రెండున్నర లక్షలకు అమ్ముడుపోతుందన్న మాట నిజమే అయినా 80 వేలు నష్టం, మీ రెండేళ్ల ఆదివారాలు లెక్కలోకి రాకుండానే. పైగా నాన్న బండిని మీరు అమ్మరు. అమ్మని వస్తువు ధర చూసుకుని అప్పు చేయడం చాలా ప్రమాదం.

ఇంకో సంగతి దీనికంటే ముఖ్యం. రేపు ఉన్నట్టుండి డబ్బు అవసరమైతే ఈ లక్షా 40 వేలలో ఎంత వెనక్కి వస్తుంది? విప్పేసిన బండి ఒక డబ్బాలో ఇంజన్, ఇంకో డబ్బాలో నట్లు, గోడకు ఫ్రేము. ఆ స్థితిలో అది తుప్పుపట్టిన పాత బండి కంటే తక్కువకు పోతుంది, ఎందుకంటే ఏ సామాను ఉంది, ఏది లేదు అన్నది మీకొక్కరికే తెలుసు. మీ ఇంట్లో అవసరం ఎక్కువయ్యే రోజున ఆ షెడ్డులోంచి రూపాయి కూడా రాదు. అందుకే అంటున్నాను, ఇలాంటి పని నెత్తిన పెట్టుకున్న ఇంట్లో అత్యవసర నిధి మామూలు ఇళ్లకంటే ఎక్కువ ఉండాలి. మీకు మాత్రం తక్కువ ఉంది. 36 వేల ఖర్చున్న ఇంటికి ఆరు నెలలకు 2 లక్షల 16 వేలు కావాలి, ఉన్నది 55 వేలు.

2021 నవంబరు వానలకు తిరుపతిలో ఎన్ని వీధులు మునిగాయో మీకూ గుర్తుండే ఉంటుంది. మా ఇంట్లోకి మోకాలి ఎత్తు నీళ్లొచ్చాయి. ఫ్రిజ్, బోరు మోటారు, వాషింగ్ మెషిన్, రెండు స్కూటర్లు పోయాయి. నీళ్లు తీసిన మర్నాటి నుంచి రోజూ ఎవరో ఒకరి చేతిలో నోట్లు పెట్టాల్సి వచ్చింది, మోటారు వైండింగ్‌కు, బురద ఎత్తినవాళ్లకు, మెకానిక్‌కు. పది రోజుల్లో 64 వేలు. నిధిలోంచి తీశాం, ఏడాదిలో మళ్లీ నింపుకున్నాం. మా పక్కింటాయన డబ్బంతా మేడ మీద కడుతున్న గదిలో ఇరుక్కుంది, స్లాబు వేశారు, ఇంకా తలుపుల్లేవు. ఆ వారం ఆయన 50 వేలు మూడు రూపాయల వడ్డీకి తెచ్చాడు. నెలకు 1,500 చొప్పున రెండేళ్లు కట్టాడు. 36 వేలు పోయినా అసలు అంతే ఉంది. చివరికి ఆయన భార్య గాజులు అమ్మి తీర్చారు. అప్పటి నుంచి మూడు రూపాయల వడ్డీ అన్న మాట వింటే నాకు కోపం వస్తుంది. ఏడాదికి 36 శాతం అది. తెలిసినాయన కాబట్టి మొహమాటం కూడా తోడవుతుంది. ఆయనకు ఈ రోజే ఫోన్ చేసి అవసరం లేదని చెప్పండి.

నగల విషయం. మన చిత్తూరు, తిరుపతి వైపు ఇళ్లలో ఆడవాళ్ల బంగారమే రెండో అత్యవసర నిధి. మొదటిది ఇంత తగ్గిపోయిన ఇంట్లో రెండోదాన్ని క్రోమ్ ప్లేటింగ్‌కు కుదువ పెడితే మూడోది ఏముంది? మీ ఆవిడను అడిగితే కాదనకపోవచ్చు. కాదనరు కదా అని అడగకండి.

ఇక కార్డు. మీరు ఉత్తరంలో ఒక్క ముక్కలో తేల్చేశారు గానీ మీ ఇంట్లో మంట పెట్టింది అదే. నెలకు మూడున్నర శాతం చొప్పున 80 వేలకు వడ్డీ 2,800. దాని మీద 18 శాతం జీఎస్టీ 504. మొత్తం 3,304. కనీస మొత్తం అని మీరు కడుతున్నది 4 వేలు. అంటే అసలులో తగ్గేది నెలకు 700 కూడా కాదు. ‘కడుతూనే ఉన్నాను’ అని మీరనుకుంటున్నారు, బాకీ మాత్రం కదలడం లేదు. బాకీ మిగిలినంత కాలం ఆ కార్డు మీద కొన్న కిరాణాకు కూడా మొదటి రోజు నుంచే వడ్డీ పడుతుంది. కార్డు బీరువాలో పెట్టేయండి.

దీనికి చీటీ పనికొస్తుంది. అది రిజిస్టరైన చీటీయే అయితే ఈ నెల పాటలో కూర్చోండి. తగ్గింపు 12 వేలు మించకుండా వస్తే పాడుకోండి. చేతికొచ్చే 88 వేలతో కార్డు మొత్తం కట్టేయండి. 12 వేలు పోయాయని బాధ వద్దు. నెలకు 12 వేల చొప్పున కార్డుకు కట్టుకుంటూ పోయినా ఎనిమిది నెలలు పడుతుంది, వడ్డీకి 15 వేల పైనే పోతుంది. పాట అంతకంటే పైకి పోతే వదిలేసి, మిగులు 12 వేలూ ప్రతినెలా కార్డుకే కట్టండి.

కార్డు తీరాక నెలకు మిగిలే 12 వేలలో 10 వేలు అత్యవసర నిధికి. వేరే బ్యాంకులో ఖాతా తెరవండి, ఏటీఎం కార్డు తీసుకోకండి, ఫోన్‌లో యూపీఐకి కలపకండి. ఇప్పుడున్న 55 వేలతో కలిపి ఎనిమిది నెలల్లో అది లక్షా 35 వేలు అవుతుంది. అప్పటికి చీటీ వాయిదాలు అయిపోతాయి. ఆ 5 వేలు మాత్రం బండివి. నిధి నిండాక ఆ 10 వేలు కూడా బండికి మళ్లించొచ్చు. ఈ లెక్కన మీ లక్షన్నర పని రెండేళ్లలో, ఒక్క రూపాయి వడ్డీ లేకుండా పూర్తవుతుంది. నాన్నకు అప్పటికి 69. మీ గడువు దాటదు.

మిగిలిన 2 వేలు ఆరోగ్య బీమాకు. కంపెనీ ఇచ్చిన 3 లక్షల పాలసీ ఉద్యోగంతో పాటే పోతుంది, అందులో నాన్న పేరే లేదు. మీ నలుగురికి సొంత పాలసీ ఇప్పుడే తీసుకోండి. వ్యక్తిగత ఆరోగ్య పాలసీల మీద 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ కూడా లేదు. నాన్నకు విడిగా తీసుకోండి, షుగర్ ఉన్న సంగతి ఫారంలో కచ్చితంగా రాయండి. దాచిపెట్టిన పాలసీ ఆసుపత్రి కౌంటర్ దగ్గర పనికిరాదు. ముందే ఉన్న జబ్బులకు మూడేళ్ల దాకా వెయిటింగ్ ఉంటుంది కాబట్టి ఆలస్యమైన ప్రతి నెలా నష్టమే. మీ పేరున టర్మ్ పాలసీ (మీకేమైనా అయితే ఇంటికి డబ్బు వచ్చే జీవిత బీమా) కూడా లేదు, అది ఈ సంవత్సరంలోనే తీసుకోవాలి.

ఆ ఖర్చుల కాగితంలో 23 పద్దులున్నాయి. బండి బీమా అన్న పద్దు లేదు. ఉత్తరం చివర మాత్రం ఇంజన్ బిగించాక తెల్లవారుజామున కరకంబాడి రోడ్డులో నడిపి చూస్తానని రాశారు. దయచేసి ఆ పని చేయకండి. బ్రేకులు ఇంకా సరిచూసుకోని బండి ఎవరినైనా తగిలితే, థర్డ్ పార్టీ బీమా లేకపోతే మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్ వేసే పరిహారం మొత్తం యజమాని నెత్తిన పడుతుంది. ఆర్‌సీలో యజమాని మీ నాన్నగారు. ఆ బీమాకు ప్రీమియం ఏడాదికి రెండు వేల లోపే. ఆర్‌సీ గడువు పొడిగింపు, బీమా, ఈ రెండూ అయ్యాకే బండి గేటు దాటాలి. 2021లో కేంద్రం తెచ్చిన వింటేజ్ రిజిస్ట్రేషన్ గురించి అడిగారు. దానికి బండికి 50 ఏళ్లు నిండాలి, మీదానికి 2031 దాకా టైముంది, ఇప్పుడు ఆ ఆలోచన అక్కర్లేదు.

పని ఆపితే చేసినదంతా పాడవుతుందేమోనని మీ టెన్షన్. పాడవదు. బోరింగ్ చేయించిన సిలిండర్‌కు లోపలంతా నూనె రాసి పాలిథిన్‌లో చుట్టండి. క్రాంక్‌కేస్ రంధ్రాలకు గుడ్డ కుక్కి ఎత్తులో పెట్టండి. నట్లు, బోల్టులు ఏ భాగానివి ఆ భాగానికి వేరే డబ్బాల్లో వేసి పేర్లు అంటించండి. వైరింగ్‌ను తీసేముందే ఫోటోలు తీసి పెట్టుకోండి. ట్యాంకులో చుక్క పెట్రోలు ఉంచకండి, షెడ్డులో పిల్లలు తిరుగుతుంటారు. మళ్లీ మొదలుపెట్టినప్పుడు ముందు ఇంజన్, బ్రేకులు, వైరింగ్. క్రోమ్, పెయింట్ ఆఖరున. క్రోమ్ లేకపోయినా నాన్నను వెనక కూర్చోబెట్టుకుని కాణిపాకం వెళ్లి రావొచ్చు.