పెద్దాయన గుట్టు మూడో అధ్యాయంలోనే విప్పు

తల్లీ,

ప్రభువు నామంలో పెద్దమ్మ ఆశీస్సులు. నీ రాతప్రతి అందింది. మొదటి ఎనిమిది అధ్యాయాలు ఒక్క బిగిన చదివాను. తొమ్మిదోది మొదలుపెట్టి, రెండు పేజీలు తిప్పి, కళ్ళజోడు తీసి పక్కన పెట్టేశాను. నిద్ర వచ్చి కాదు. భయం పోయింది. తర్వాత మిగతాదీ చదివి ముగించాను గాని, ఆ భయం ఎందుకు పోయిందా అని రెండు రోజులు ఆలోచించి ఈ ఉత్తరం రాస్తున్నాను. పొగడ్తలు మీ అమ్మ ఎలాగూ కురిపిస్తుంది కనుక నేను తప్పులే చెబుతాను, చిన్నబుచ్చుకోకు.

నీ కథ మంచిదే. అనాథాశ్రమంలో పద్దులు చూసే అమ్మాయికి లెక్కల్లో తేడా కనిపించడం, తనకంటే ముందు ఆ ఉద్యోగం చేసిన మనిషి ఎలా చనిపోయాడన్న అనుమానం రావడం, ఇవన్నీ బాగా కుదిరాయి. ఆ ట్రస్టు నడిపే పెద్దాయనే దొంగ, హంతకుడు కూడా. ఈ సంగతిని నువ్వు 31వ అధ్యాయం దాకా గుప్పిట్లో దాచావు. నాకు పన్నెండులోనే తెలిసిపోయింది. ఇలాంటి నవలలు నాలుగు చదివినవాళ్ళెవరికైనా తెలిసిపోతుంది. మరీ అంత భక్తిగా, మరీ అంత నెమ్మదిగా మాట్లాడేవాడు ఎవరున్నారా అని చూస్తే చాలు, దొరికిపోతాడు. అక్కణ్ణించి పంతొమ్మిది అధ్యాయాలపాటు నువ్వు దాస్తున్నాననుకుంటూ రాశావు, నేను ఎప్పుడు చెబుతుందా అని చదివాను.

మిస్టరీకీ సస్పెన్స్‌కీ తేడా ఇక్కడే ఉంది. మిస్టరీ పాఠకుడికి సంగతి తెలియదు, తెలుసుకోవాలని పేజీ తిప్పుతాడు. సస్పెన్స్ పాఠకుడికి తెలుసు, తెలిసే భయపడుతూ తిప్పుతాడు. నువ్వు రాయాలనుకున్నది రెండోది, రాసింది మొదటిది.

బైబిల్లో న్యాయాధిపతుల గ్రంథం మూడో అధ్యాయం తీసి, ఇశ్రాయేలును అణిచేస్తున్న మోయాబు రాజును చంపిన ఏహూదు కథ ఈసారి నవల రాసేదానిలా చదువు. ఎడమచేతి వాటం మనిషి. మూరెడు పొడుగున రెండంచుల కత్తి చేయించుకుని బట్టల కింద కుడి తొడకు కట్టుకున్నాడు. ఇది మనకు ముందే చెప్పేశారు చూశావా! మోయాబు రాజు ఎగ్లోనుకు తెలియదు, అతని సేవకులకు తెలియదు, మనకు తెలుసు. కప్పం చెల్లించి వెళ్ళిపోయినవాడు సగం దారిలోంచి వెనక్కి వచ్చి "రాజా, నీతో రహస్యంగా ఒక మాట చెప్పాలి" అంటాడు. రాజు అందరినీ బయటికి పొమ్మంటాడు. తన చావుకి తనే తలుపులు తెరుస్తున్నాడు. ఆ పని అయ్యాక కథ అక్కడితో ఆగిందా? లేదు. ఏహూదు మేడగది తలుపులు గడియ వేసి జారుకుంటాడు. సేవకులు వచ్చి, తలుపు మూసి ఉంది కనుక రాజుగారు మరుగుకు వెళ్ళారనుకుని బయట నిలబడతారు. నిలబడి, నిలబడి, ఇక సిగ్గేసేంతసేపు నిలబడతారు. లోపల శవం ఉందని మనకు తెలుసు. ఏహూదు ఎంత దూరం వెళ్ళి ఉంటాడా అని మనం లెక్కేసుకుంటూ ఉంటాం. నవ్వూ వస్తుంది, గుండె దడా వస్తుంది. పది పన్నెండు వచనాల్లో ఇంత పని జరిగింది. మనం ముప్ఫై అధ్యాయాలు తీసుకుంటాం.

కాబట్టి ఆ పెద్దాయన ఎవరో మూడో అధ్యాయంలోనే చెప్పెయ్. పాఠకుడికి మాత్రమే. తర్వాత నీ అమ్మాయిని ఆయన ఇంటికి భోజనానికి పంపు. ఆయన కళ్ళు మూసుకుని కృతజ్ఞతా ప్రార్థన చెయ్యాలి, అది నిజమైన ప్రార్థనలా ఉండాలి. తర్వాత మామూలుగా "లెక్కలు ఎంతదాకా వచ్చాయమ్మా?" అని అడగాలి. ఆమె అమాయకంగా అన్నీ చెప్పెయ్యాలి. ఇప్పుడు నువ్వు ఉరుములూ మెరుపులూ తెప్పించక్కర్లేదు. (ఏడో అధ్యాయంలో కరెంటు పోవడం కూడా తీసెయ్. నేను రాసిన మూడు నవలల్లోనూ కరెంటు పోయింది, సిగ్గుగా ఉంది.)

అసలు చిక్కు ఇంకా ముందుంది. మన క్రైస్తవ కథల్లో ముగింపు చదివేవాళ్ళకు ముందే తెలుసు. దేవుడు ఓడిపోడు. అది మన విశ్వాసం, దాన్ని మార్చి రాయలేం, రాయకూడదు కూడా. మరి చివరికి వెలుగే గెలుస్తుందని తెలిసిన పాఠకుణ్ణి ఎలా భయపెడతావు?

దీనికి జవాబు నాకు జెర్రీ బి. జెంకిన్స్ దగ్గర దొరికింది. అమెరికాలో దాదాపు 200 పుస్తకాలు రాసినాయన. టిమ్ లహేతో కలిసి 1995 నుంచి 2007 దాకా, బైబిలు చెప్పే లోకాంతం మీద 'లెఫ్ట్ బిహైండ్' అనే వరసలో 16 నవలలు తెచ్చాడు. ప్రవచనాల వ్యాఖ్యానం లహేది, కథ రాసింది జెంకిన్స్. 6 కోట్ల కాపీలకు పైగా అమ్ముడయ్యాయి. ఆ వ్యాఖ్యానంతో నాకు పేచీ ఉంది, అది వేరే ఉత్తరం. ఇప్పుడు రాతపని వరకే చూడు. ఏడేళ్ళ శ్రమకాలం, తీర్పు తర్వాత తీర్పు, చివర ప్రభువు రాకడ: ఆ వరుస అంతా ఆ పాఠకులు సండే స్కూల్లోనే విన్నదే. అంటే కథ మొత్తం ముందే చెప్పేసినట్టే. అయినా ఎందుకు ఎగబడి చదివారు? బైబిల్లో చివరిదైన ప్రకటన గ్రంథం లోకానికి ఏమవుతుందో చెబుతుంది గాని, ఫలానా పైలట్ చివరిదాకా బతుకుతాడో లేదో చెప్పదు. అతని కూతురు నమ్ముతుందో లేదో చెప్పదు. జెంకిన్స్ ఉత్కంఠనంతా ఆ సందులో పెట్టాడు. రాజ్యం సంగతి తేలిపోయింది, మనిషి సంగతి తేలలేదు.

మొదటి నవల మొదలయ్యే తీరు చూడు. అట్లాంటిక్ మీద ఎగురుతున్న విమానంలో జనం ఉన్నట్టుండి మాయమైపోతారు, సీట్లలో బట్టలు మాత్రం మిగులుతాయి (విశ్వాసులు పరలోకానికి ఎత్తబడ్డారన్నమాట). ఇంకెవరైనా అక్కడే మొదలుపెట్టేవాళ్ళు. ఆయన మొదలుపెట్టింది పైలట్ మనసులో. భార్య ఇంటి దగ్గర ఉంది, ఈయనగారి ధ్యాస విమానంలోని ఇంకో అమ్మాయి మీద ఉంది. చేసిందేమీ లేదు, తలపే. ఆ తలపు మనకు తెలిసింది కాబట్టే, ఆ మాయమైనవాళ్ళలో భార్యా కొడుకూ ఉన్నారని తెలిసేసరికి అతనికి తగిలిన దెబ్బ మనకూ తగులుతుంది. నీ అమ్మాయికి మొదటి అధ్యాయంలో ఇలాంటిదేమీ లేదు. మరీ మడికట్టుకున్న మనిషిలా ఉంది. ఆమె దాచుకోవలసింది చిన్నదైనా ఒకటి ఉండాలి. ఆ లెక్కల తేడా కనిపించిన మొదటి నెలలో, ఉద్యోగం పోతుందని భయపడి, చూడనట్టు సంతకం పెట్టేసిందనుకో? ఇక నలభై అధ్యాయాలూ ఆ సంతకం ఆమె వెంటపడుతుంది.

ఇప్పుడు నా తప్పు ఒకటి చెబుతాను. నా మొదటి నవలలో ఇన్‌స్పెక్టరుకు ఎటూ దారి తోచదు. మోకాళ్ళూని ప్రార్థిస్తాడు. లేచేసరికి హంతకుడి పేరు మనసులో మెదులుతుంది. రాసేటప్పుడు నాకు కన్నీళ్ళు వచ్చాయి కూడా. దాన్ని చూసిన సంపాదకుడు, మంచి విశ్వాసే, పక్కన పెన్సిలుతో ఒకే ఒక్క ముక్క రాశాడు: "మరి ఇంతకుముందు 200 పేజీలూ ఈయన ప్రార్థన చెయ్యలేదా అమ్మా?" నాకు వారం రోజులు కోపం పోలేదు. ఇప్పటికీ అంతకు మించిన పాఠం ఎవరూ చెప్పలేదు. నీ 36వ అధ్యాయంలో గోదాము తలుపు దానంతటదే తెరుచుకోవడం చూస్తే ఆ పెన్సిలు గుర్తొచ్చింది.

ప్రార్థన వద్దనడం లేదు. ప్రార్థన తర్వాత పని ఇంకా కష్టం కావాలి. బైబిల్లో ఎస్తేరు రాణి కథ అంతే కదా, తన యూదు జనాన్నంతా చంపించాలని మంత్రి హామాను పన్నిన కుట్రను ఆమె ఆపాలి. మూడు రోజుల ఉపవాసం అయ్యాక ఆమెకు దొరికింది తప్పించుకునే దారి కాదు, పిలవకుండా రాజు ముందుకు వెళ్ళే ధైర్యం. నశిస్తే నశిస్తానని వెళ్ళింది. రాజు అర్ధరాజ్యం కావాలన్నా ఇస్తానన్నాడు. అక్కడే అడిగేస్తే కథ అయిపోయేది. అడగలేదు! విందుకు రమ్మంది. విందులో మళ్ళీ అడిగాడు. రేపు ఇంకో విందుకు రమ్మంది. ఆ ఒక్కరోజు ఆలస్యంలోనే హామాను యాభై మూరల ఉరికొయ్య నిలబెట్టించాడు, ఆ రాత్రే రాజుకు నిద్రపట్టలేదు, పాత రాజ్య సమాచార గ్రంథం చదివించుకున్నాడు. అవును, నిద్రపట్టకపోవడం యాదృచ్ఛికమే అంటావు. కాని ఎస్తేరు అప్పటికే ప్రాణం పణంగా పెట్టేసింది. తన వంతు పూర్తయ్యాక వచ్చిన మేలును పాఠకుడు ఒప్పుకుంటాడు. వంతు పూర్తికాకముందే వస్తే మోసపోయాననుకుంటాడు.

ఇంకొక సంగతి, ఎస్తేరు గ్రంథం మొత్తంలో దేవుని పేరు ఒక్కసారి కూడా లేదు. నీ నవలలో పాస్టరుగారి ప్రసంగం ఆరు పేజీలుంది. ఆరు వాక్యాలు చాలు. అవి కూడా పాస్టరుగారి నోట కాకుండా, ఆ పెద్దాయన నోట రావాలి. అప్పుడు ఒళ్ళు జలదరిస్తుంది.

ఆయన గురించి కాస్త ఆగి చెప్పాలి. నువ్వు ఆయన్ని సాతానులా రాశావు, రాత్రిపూట ఒంటరిగా నవ్వుకుంటాడు. ఎవరూ ఒంటరిగా అలా నవ్వుకోరు తల్లీ. దుర్మార్గుడు ఎలా తయారవుతాడో తెలియాలంటే దావీదు రాజును చూడు. దేవుని హృదయానుసారి అనిపించుకున్నవాడే తన సైనికుడు ఊరియాను చంపించాడు. ఎలా? యుద్ధంలో ముందు వరసలో పెట్టి వదిలెయ్యమని సేనాధిపతి యోవాబుకు ఉత్తరం రాసి, ఆ ఉత్తరం ఊరియా చేతికే ఇచ్చి పంపాడు. తన చావు ఉత్తర్వును తనే మోసుకుంటూ వెళ్తున్న మనిషి! నమ్మకస్థుడు కనుక విప్పి చూడడు. దీన్ని మించిన సస్పెన్స్ సన్నివేశం నేను ఎక్కడా చదవలేదు. మొదట దావీదుకు హత్య ఉద్దేశమే లేదు, ఊరియా భార్యతో చేసిన తప్పు కప్పిపుచ్చుకోవాలి, అంతే. ఊరియాను ఇంటికి పంపి చూశాడు, తాగించి చూశాడు, కుదరలేదు. మెట్టు మెట్టుగా దిగాడు. నీ పెద్దాయన కూడా మొదటిసారి ఆశ్రమం డబ్బు ఎందుకు ముట్టుకున్నాడో రాయి. మంచి కారణానికే ముట్టుకుని ఉంటాడు. ఒక పిల్లవాడి ఆపరేషన్ కోసం పద్దు మార్చి ఉంటాడు. అది దొరకలేదు. తర్వాతది తేలికైంది.

రక్తపాతం గురించి అడిగావు. చర్చివాళ్ళు ఏమంటారో అని భయపడకు, అలాగని పేజీలు తడిపెయ్యకు. అమెరికాలో క్రైస్తవ ప్రచురణకర్తలు బూతులూ పచ్చి సన్నివేశాలూ ఒప్పుకోరు, అయినా అక్కడ థ్రిల్లర్లు బ్రహ్మాండంగా నడుస్తున్నాయి. చూపించకపోవడంలో బలం ఉంది. న్యాయాధిపతుల గ్రంథంలోనే దెబోరా కీర్తన చివర, శత్రు సేనాధిపతి సీసెరా తల్లి కిటికీలోంచి చూస్తూ రథం ఇంకా రాలేదేమిటని ఎదురుచూస్తుంది. దోపుడు సొమ్ము పంచుకుంటున్నారేమోలే అని తనకు తనే సర్దిచెప్పుకుంటుంది. వాడు ఎక్కడో డేరాలో మేకు దిగి పడి ఉన్నాడని మనకు తెలుసు. శత్రువు తల్లి మీద కూడా జాలి వేస్తుంది. నీ 22వ అధ్యాయంలో కత్తిపోట్లు తీసేసి, ఆ మనిషి భార్య ఆ రాత్రి ఎదురుచూడటం రాయి.

ఇక రోజుకు ఎంత రాయాలి అన్నావు. జెంకిన్స్ కుర్రతనంలో ఆటల విలేకరి, తర్వాత పత్రికా సంపాదకుడు. క్రీడాకారుల జీవితకథలు రాశాడు, 1997లో వచ్చిన సువార్తికుడు బిల్లీ గ్రాహం ఆత్మకథకు రాతసాయం చేశాడు. గడువు దాటితే పేజీ ఖాళీగా పోతుందని నేర్చుకున్న చెయ్యి అది. అన్ని పుస్తకాలు రావడానికి కారణం ప్రేరణ కన్నా ఆ గడువేనని నా అనుమానం. ముందే ప్లాట్ అంతా గీసుకోకుండా రాస్తూ పోతాడని కూడా చదివాను. నువ్వు మాత్రం ఇప్పుడే ఆ సాహసం చెయ్యకు. ఎవరికి ఏ అధ్యాయంలో ఏం తెలుసో ఒక కాగితం మీద మూడు వరసలు గీసుకో: పాఠకుడికి, అమ్మాయికి, పెద్దాయనకి. ఏ అధ్యాయంలోనైనా మూడు వరసల్లోనూ ఒకటే ఉంటే అది చచ్చిన అధ్యాయం. నీ తొమ్మిదోది అలాంటిదే. అందరికీ అన్నీ తెలుసు, టీ తాగుతున్నారు.

పోలీసు వ్యవహారాలు తెలియనిచోట ఊహించి రాయకు, ఎవరినైనా అడుగు. పోస్టుమార్టం రిపోర్టు ఇరవై నిమిషాల్లో రాదు.

మొత్తం తిరగరాసి పంపొద్దు, నేను అంత చదవలేను. మూడో అధ్యాయం, ఆ భోజనం సన్నివేశం, ఈ రెండే పంపు. భోజనం దగ్గర ఆమె అబద్ధం చెబుతుందో నిజం చెబుతుందో నాకు ముందుగా చెప్పకు.

నీ
పెద్దమ్మ