మేడ మీద కాసిన కూరగాయలు వృథా కాకుండా వంటింటికి చేరాలంటే

మీరు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇదీ: మేడ మీద కాస్త చోటుంది, ఇంట్లో నలుగురు, పెద్దవాళ్లిద్దరూ ఉద్యోగాలకు వెళ్తారు. పోయిన సీజన్లో కుండీల్లో టమాటా, పాలకూర, బెండ వేస్తే అన్నీ ఒకేసారి వచ్చి సగం పాడైపోయాయి, ఆ తర్వాత వారాల తరబడి కోయడానికి ఏమీ మిగల్లేదు. ఈసారి ఏం వేయాలి, వచ్చినవాటిని సాయంత్రం పూట తేలిగ్గా ఎలా వండుకోవాలి అని. మా ఇల్లు కూడా దాదాపు ఇలాగే ఉంటుంది, కొన్నేళ్లుగా మేడ మీదే పెంచుతున్నాం కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

విత్తనాలు కొనకముందు ఒక కాగితం తీసుకుని, మామూలు వారంలో మీ ఇంట్లో ఏమేం వండుతారో రాయండి. చుట్టాలొస్తే చేసేవి వద్దు, ఆఫీసు నుంచి అలసిపోయి వచ్చాక చేసేవే రాయండి. మేం అలా రాసుకుంటే తేలిందేంటంటే, టమాటా, పచ్చిమిర్చి, కొత్తిమీర దాదాపు రోజూ కావాలి, ఆకుకూర వారంలో మూడు నాలుగు సార్లు, బీన్స్, బెండ ఒకటి రెండు సార్లు. వంకాయ మా పిల్లలు ముట్టరు, అందుకని వంగ మొక్క ఎంత బాగా కాస్తుందని ఎవరు చెప్పినా మేం వేయం. ఉన్న పది పదిహేను కుండీల్లో తినని కూరగాయకు ఒక్క కుండీ ఇచ్చినా దండగే.

తర్వాత ఎండ. సెలవు రోజు ఉదయం నుంచి సాయంత్రం దాకా అప్పుడప్పుడూ మేడ ఎక్కి ఎక్కడ ఎన్ని గంటలు ఎండ పడుతుందో చూడండి. కాయలు కాసే మొక్కలకు, అంటే టమాటా, బెండ, మిర్చి, దోస లాంటివాటికి రోజుకు ఆరు గంటలైనా నేరుగా ఎండ తగలాలి. ఆకుకూరలు, పుదీనా మూడు నాలుగు గంటలతో కూడా నెట్టుకొస్తాయి, ఎండలు ముదిరిన రోజుల్లో వాటికి మధ్యాహ్నం నీడ ఉంటేనే మంచిది కూడా. కుండీ లోతు ఆకుకూరలకు 15 నుంచి 20 సెంటీమీటర్లు చాలు. టమాటాకు మాత్రం కనీసం 30 సెంటీమీటర్ల లోతు, 20 లీటర్ల దాకా మట్టి పట్టే కుండీ ఇవ్వండి, ఒక్కో దాంట్లో ఒక్కటే మొక్క. మట్టి, బాగా చివికిన కంపోస్ట్, కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) సమానంగా కలిపితే సరిపోతుంది. పచ్చి పేడ మాత్రం వేయకండి, వేర్లు మాడతాయి, పైగా పచ్చిగా తినే ఆకులకు అది శుభ్రం కాదు.

ఇక మీ అసలు సమస్య, అన్నీ ఒకేసారి రావడం. దీనికి రెండు కారణాలు ఉంటాయి. మొదటిది, ప్యాకెట్ చించగానే మొత్తం విత్తనాలు చల్లేయడం దాదాపు అందరికీ అలవాటు. దాని బదులు ఒక కుండీ ఈ వారం, ఇంకో కుండీ రెండు వారాల తర్వాత, మూడోది మరో రెండు వారాలకు అని వేయండి. పాలకూర ఐదారు వారాల్లో కోతకు వస్తుంది, చిన్న గుండ్రటి ముల్లంగి అయితే నెల తిరక్కుండానే వస్తుంది, కాబట్టి ఇలా విడతలుగా వేస్తే మొదటి కుండీ అయిపోయేసరికి రెండోది సిద్ధంగా ఉంటుంది. కొత్తిమీర కూడా అంతే. ధనియాలను చేత్తో నలిపి రెండు బద్దలు చేసి వేస్తే మొలకలు చక్కగా వస్తాయి, ఎందుకంటే ఒక్కో గింజలో నిజానికి రెండు విత్తనాలుంటాయి. మొలవడానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది, అప్పుడే రాలేదని తవ్వి చూడకండి. పాలకూరను వేళ్లతో సహా పీకకుండా బయటి ఆకులు మాత్రమే తుంచుకుంటూ నడిమి చిగురు వదిలేస్తే అదే మొక్క ఇంకో రెండు మూడు సార్లు ఇస్తుంది. వేడి పెరిగితే పాలకూరైనా కొత్తిమీరైనా పూతకు తొందరపడతాయి, అందులో మీ లోపం ఏమీ లేదు, ఆ కుండీ ఖాళీ చేసి ఇంకోటి వేసుకోవడమే.

రెండో కారణం టమాటా రకం. ఇది చాలామంది చూసుకోరు. టమాటాలో పొట్టిగా గుబురుగా పెరిగి ఒక ఎత్తుకు వచ్చాక ఆగిపోయే రకాలు ఉంటాయి, వాటి కాయలన్నీ రెండు మూడు వారాల్లో పండిపోతాయి. తీగలా పెరుగుతూనే ఉండే రకాలు వేరే, వాటికి కర్రో తాడో కట్టాలి కానీ నెలల తరబడి కొంచెం కొంచెంగా కాస్తాయి. ఏడాదికి సరిపడా సాస్ ఒకేసారి చేసుకునేవాళ్లకు మొదటి రకం పనికొస్తుంది, రోజూ రెండు మూడు కాయలు చాలనుకునే మనలాంటి ఇళ్లకు రెండో రకమే కావాలి. ప్యాకెట్ మీద డిటర్మినేట్, ఇండిటర్మినేట్ అని రాసి ఉంటుంది, ఆ రెండోదే చూసి తీసుకోండి. చెర్రీ టమాటాలు ఎక్కువగా ఈ తీగ రకాలే, పిల్లలు మొక్క దగ్గరే నిలబడి తినేస్తారు, మా చిన్నాడైతే స్కూలు నుంచి రాగానే బ్యాగు కూడా దించకుండా మేడెక్కేస్తాడు.

కోయడం గురించి కూడా గట్టిగా చెప్పాలి. బెండ, బీన్స్, దోస మీద కాయలు ముదరనిస్తే మొక్క గింజ పెంచే పనిలో పడిపోయి కొత్త పూత తగ్గిస్తుంది. అందుకే అవసరం ఉన్నా లేకపోయినా రోజు విడిచి రోజు కోయాల్సిందే. బెండకాయ వేలంత పొడవున ఉన్నప్పుడు కొన పట్టుకుని వంచితే టక్కున విరగాలి, వంగి వేలాడిందంటే పీచు పట్టినట్టే. ఎండాకాలంలో బెండ రెండు రోజుల్లోనే లేత నుంచి ముదురుకు వెళ్లిపోతుంది, మీరు వారానికోసారి మేడెక్కితే కోతకు వచ్చేవన్నీ చెక్కలే. టమాటా అయితే కాయ కింది భాగం లేత గులాబీ రంగు తిరగగానే కోసేయండి. అప్పటికే కాయ లోపల పండడం మొదలైపోయి ఉంటుంది కాబట్టి వంటింటి గట్టు మీద కూడా చక్కగా పండుతుంది, దానికి ఎండ అక్కర్లేదు. పక్షులు పొడవవు, వాన పడి పగలవు. పూర్తిగా పండకముందు ఫ్రిజ్‌లో మాత్రం పెట్టకండి, చలికి వాసన, రుచి పోతాయి.

నీళ్లకు లెక్కలు పెట్టుకోకుండా మట్టిలో వేలు రెండు కణుపుల దాకా గుచ్చి చూసి, పొడిగా ఉంటే కింద నుంచి కారేదాకా పోయండి, తడిగా ఉంటే వదిలేయండి. ఒక రోజు ఎండగట్టి మర్నాడు వరద పెడితే టమాటా కాయ కింద నల్లగా అణిగిపోయి కుళ్లుతుంది. దాన్ని తెగులనుకుని మందులు కొట్టేవాళ్లున్నారు, అది కాయకు కాల్షియం సరిగా అందకపోవడం వల్ల వచ్చేది, కుండీల్లో చాలావరకు నీళ్లు సమంగా పోస్తే తగ్గిపోతుంది. పేనుబంక, అంటే ఆకుల రసం పీల్చే చిన్న చిన్న పురుగులు, పడితే ముందు ఆకుల అడుగున నీళ్లు జోరుగా కొట్టండి, సగం అక్కడే పోతుంది. మిగిలినదానికి లీటరు నీళ్లలో 5 మిల్లీలీటర్ల వేపనూనె, రెండు మూడు చుక్కల ద్రవ సబ్బు కలిపి సాయంత్రం పూట చల్లండి, ఎండలో చల్లితే ఆకులు మాడతాయి.

వంట సంగతికొస్తే, అప్పుడే కోసిన కూరగాయకు మసాలాలు పెద్దగా అక్కర్లేదని నా గట్టి నమ్మకం. నూనె, వెల్లుల్లి, ఉప్పు, కాస్త పచ్చిమిర్చి, అంతే. కాకపోతే ఏది ముందు ఏది వెనక అన్నది మాత్రం పట్టించుకోవాలి.

ఆకుకూరను పెద్ద గిన్నెలో నిండా నీళ్లు పోసి ముంచి, చేత్తో కదిపి, ఆకులను పైకి తీయండి. గిన్నె వంచి నీళ్లు పారబోస్తే అడుగున చేరిన ఇసుకంతా మళ్లీ ఆకుల మీదకే వస్తుంది. ఇలా నీళ్లు తేటగా అయ్యేదాకా చేయాలి. కాడలు ముందు వేసి అవి మెత్తబడ్డాక ఆకులు వేయండి, మూత పెట్టకండి, మూత పెడితే ఆకులోని ఆమ్లాలు ఆవిరితో బయటికి పోక పచ్చదనం ఆలివ్ రంగుకు తిరుగుతుంది. ఉప్పు చివర్లో వేయండి, ఎందుకంటే బాణలి నిండా కనిపించిన ఆకు పిడికెడు అయిపోతుంది, ముందే చూసి వేస్తే ఉప్పు కషాయమే. బెండకాయ కడిగాక గుడ్డతో తడి పూర్తిగా తుడిచి అప్పుడు తరగండి, వెడల్పాటి బాణలిలో పలచగా పరిచి మూత లేకుండా వేయించండి, ఉప్పు దించే ముందు. జిగురు గురించిన ఫిర్యాదు ఇంక ఉండదు.

పులుపు ఎప్పుడూ వెనకే. టమాటా గానీ నిమ్మరసం గానీ ముందే వేస్తే బీన్స్, పప్పులు గంటలు గడిచినా గట్టిగానే ఉంటాయి, పులుపు వాటిని మెత్తబడనివ్వదు. మా అత్తయ్యగారు ఇది చెప్పేదాకా మేమూ గ్యాస్ మంట పెంచుతూ కూర్చునేవాళ్లం. కూరగాయ ఉడికాకే టమాటా వేయండి.

టమాటాలు కాస్త ఎక్కువ వచ్చిన వారం ముద్ద చేసిపెట్టుకోండి. నూనెలో వెల్లుల్లి కొద్దిగా వేగనిచ్చి, తరిగిన టమాటాలు, ఉప్పు వేస్తే ఉప్పుకు నీరు వదులుతుంది, చిన్న మంట మీద నూనె పైకి తేలేదాకా వదిలేయడమే. ఫ్రిజ్‌లో మూడు నాలుగు రోజులు ఉంటుంది, ఫ్రీజర్‌లో నెలల తరబడి. ఒక రోజు ఉడికిన పప్పులో కలుపుకోవచ్చు, ఒక రోజు గుడ్లు కొట్టి వేసుకోవచ్చు, ఇంకో రోజు ఏ కూరగాయ ఉంటే అది వేసి కూర చేసుకోవచ్చు. టమాటాకు ఎర్రరంగునిచ్చే లైకోపిన్ ఒంటికి పట్టాలంటే పచ్చిదాని కన్నా నూనెలో ఉడికినదే మేలు. బీన్స్ మిగిలితే మరిగే నీళ్లలో మూడు నిమిషాలు ఉంచి, వెంటనే ఐసు నీళ్లలో వేసి, తడి ఆరాక ఫ్రీజర్‌లో పెట్టండి. నేరుగా పెడితే కొన్నాళ్లకు రంగు, రుచి చెడతాయి.

ఒక జాగ్రత్త మాత్రం తప్పకుండా పాటించండి. దోస, సొర, గుమ్మడి జాతి కాయ ఏదైనా చిన్న ముక్క నాలుకకు తగిలించి చూడండి, బాగా చేదుగా ఉంటే మొత్తం పారేయండి. మొక్క నీటి ఎద్దడికి గురైనా, విత్తనం వేరే రకంతో కలిసినా వాటిలో కుకుర్బిటాసిన్లు అనే చేదు విషపదార్థాలు పెరుగుతాయి, వండినా పోవు, తింటే వాంతులు, విరేచనాలు అవుతాయి. కష్టపడి పెంచాం కదా అని ఉప్పూ కారం వేసి సరిపెట్టుకోవద్దు. కాకరకాయ సంగతి వేరు, దాని చేదు సహజం.

మీ చోట్లో నేనైతే మొదటి సీజన్‌కు తీగ టమాటా రెండు, మిర్చి రెండు, బెండ నాలుగైదు మొక్కలు, విడతలుగా పాలకూర మూడు కుండీలు, కొత్తిమీర రెండు, పుదీనా విడిగా ఒకటి, ఇంతే వేస్తాను. పుదీనాను ఇంకో మొక్కతో కలిపి పెట్టకండి, కుండీ మొత్తం ఆక్రమిస్తుంది. మీ మేడ మీద ఏ మూల ఎన్ని గంటలు ఎండ పడుతుందో, మీ దగ్గర ఎంత లోతు కుండీలున్నాయో చూసి చెప్పండి, ఏది ఎక్కడ పెట్టాలో కూడా రాస్తాను.