ఓవర్‌ఫ్లో పైపులో ఇరుక్కున్న చేపను ఎలా తీయాలి? పైపు కోయాల్సిందేనా?

పైపు కోయకండి. కనీసం ఇప్పుడే కోయకండి. సంపు (ట్యాంకు కింద ఉండే ఫిల్టర్ తొట్టి) నుంచి నీళ్లని మళ్లీ ట్యాంకులోకి ఎక్కించే రిటర్న్ పంపు నడుస్తూ ఉంటే, ఇది చదివేదాకా దాన్ని కూడా ఆపకండి. పైపులో నీళ్లు ఉన్నంతసేపూ మీ చేప ఊపిరి తీసుకుంటుంది. కంగారులో పంపు ఆపితే ఆ నీళ్లన్నీ సంపులోకి దిగిపోయి, చేప పొడి పైపులో మిగిలిపోతుంది.

మీరు రాసినదాన్నిబట్టి నాకు అర్థమైంది ఇది: ఉప్పునీటి ట్యాంకులో ఉన్న క్లౌన్ ఫిష్ రాత్రిపూట ఓవర్‌ఫ్లో బాక్సులోకి (ట్యాంకు పై అంచు దాటిన నీళ్లు పడే అరలోకి) దూకింది. పొద్దున చూస్తే, ఆ బాక్సు నుంచి సంపులోకి నీళ్లు దింపే డ్రెయిన్ పైపు మూతి దగ్గర తోక ఒక్కసారి కనబడి లోపలికి వెళ్లిపోయింది. పంపు ఆపాలా, పైపు కోయాలా, బయటికొచ్చాక వెంటనే ట్యాంకులో వదలొచ్చా అని అడిగారు. మా ఇంట్లో ఫైర్‌ఫిష్‌కి (సన్నటి చిన్న సముద్రపు చేప) ఇదే జరిగింది, అది బతికి బయటపడింది. ఆ తర్వాత ఇలాంటి ట్యాంకులున్న స్నేహితుల దగ్గర కూడా ఒకటి రెండు సార్లు చెయ్యి వేశాను. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

అన్నిటికంటే ముందు సంపు వెతకండి. పైపులో ఉందనుకున్న చేప చాలాసార్లు ఎప్పుడో కిందికి జారిపోయి ఫిల్టర్ సాక్‌లోనో (మురికిని వడగట్టే గుడ్డ సంచి), స్కిమ్మర్ (నురగతో మురికి తీసే పరికరం) వెనకో నక్కి ఉంటుంది. సాక్‌ని పైకెత్తి తిప్పి చూడకండి, నీళ్లలో ఉండగానే టార్చ్ వేసి చూడండి. అడుగున మడతలో ఉండిపోతే పైకెత్తినప్పుడు నలిగిపోతుంది. రిటర్న్ పంపు ఉండే గదిని మాత్రం తప్పకుండా చూడండి. అక్కడ చేప ఉంటే, పంపు నోటికి జాలీ లేకపోతే, అప్పుడు మాత్రం పంపు ఆపాల్సిందే.

సంపులో లేదని తేలితే పైపు సంగతి చూద్దాం. చేప పైపులో ఇరుక్కుంటే నీళ్లే చెబుతాయి. మామూలుగా మెయిన్ డ్రెయిన్ నిండా నీళ్లతో, చప్పుడు లేకుండా సైఫన్‌లా లాగుతుంటుంది. అందులో ఏదైనా అడ్డం పడితే ఓవర్‌ఫ్లో బాక్సులో నీటి మట్టం పెరుగుతుంది, ఎప్పుడూ పొడిగా ఉండే ఎమర్జెన్సీ పైపులోకి నీళ్లు పడటం మొదలవుతుంది, బుడబుడమని మోత వస్తుంది. మా ఇంట్లో నన్ను లేపింది ఆ మోతే. గదిలో లైట్లన్నీ ఆపేసి, గట్టి టార్చ్‌ని పైపుకి ఒకవైపు ఆనించి రెండోవైపు నుంచి చూడండి. తెల్ల పీవీసీ పైపు అయితే గోడ లోంచి కాస్త వెలుతురు దాటుతుంది, చేప ఉన్నచోట నీడ పడుతుంది. ముదురు బూడిద రంగు మందపాటి పైపుల్లో ఇది కనబడదు. మా పైపులో ఎల్బోకి (పైపు వంపు) కొంచెం పైన, చిటికెన వేలంత నీడ కనిపించింది. చూస్తూ నిలబడితే ఉండుండి కదిలింది. బతికే ఉందని అప్పుడు తెలిసింది. పెన్సిల్‌తో పైపు మీద అక్కడ గీత పెట్టుకున్నాను. మీరూ పెట్టుకోండి, తర్వాత ఏం చేయాలన్నా ఆ గీతే ఆధారం.

ఇక అసలు పని. మీ డ్రెయిన్ పైపుకి కింద గేట్ వాల్వ్ (తిప్పి కొద్దికొద్దిగా మూసే కవాటం) ఉంటే, పక్కన ఎమర్జెన్సీ పైపు కూడా ఉంటే, మీ చేప అదృష్టం బాగున్నట్టే. పంపు నడుస్తుండగానే ఆ వాల్వ్‌ని నెమ్మదిగా, పూర్తిగా మూసేయండి. పైపులోని నీళ్లు ఎటూ పోవు, లాగే ఒత్తిడి మాత్రం ఆగిపోతుంది. ట్యాంకు నుంచి వచ్చే నీళ్లన్నీ ఎమర్జెన్సీ పైపు మోస్తుంది. చప్పుడు బాగా వస్తుంది, రానివ్వండి. ఒక్క నిమిషం అక్కడే నిలబడి ట్యాంకు అంచు దగ్గర మట్టం పెరగట్లేదని చూసుకోండి. పెరుగుతుంటే రిటర్న్ పంపు ఆపండి. వాల్వ్ మూసే ఉంది కాబట్టి చేప ఉన్న పైపు ఖాళీ అవదు.

ఒకటే డ్రెయిన్ ఉన్న ట్యాంకులో మాత్రం వరస మారుతుంది. పంపు నడుస్తుండగా ఉన్న ఒక్క దారీ మూసేస్తే నీళ్లు నేల మీదికొస్తాయి. అక్కడ ఇద్దరు కావాలి. ఒకరు రిటర్న్ పంపు ప్లగ్ లాగుతున్న క్షణంలోనే రెండోవాళ్లు వాల్వ్ మూయాలి. వాల్వ్ లేకపోతే సంపులో ఉన్న పైపు చివర రబ్బరు బిరడా బిగించాలి, అదీ లేకపోతే అరచేత్తో అదిమి పట్టాలి. గాలి కలుపుకుంటూ దిగే డర్సో రకం పైపుల్లో చేప మధ్యలో ఆగడం అరుదు, నేరుగా సంపులోకి పడిపోతుంది. అందుకే సంపు ముందు వెతకమన్నాను.

ఈ లోపల మూడు ప్లగ్గులు తీసేయండి: ఆటో టాప్-ఆఫ్ (ఆవిరైన నీటిని తనంతట తానే నింపే పరికరం), హీటర్, స్కిమ్మర్. సంపులో మట్టం అటూ ఇటూ అయితే టాప్-ఆఫ్ మంచినీళ్లు పోసేసి ఉప్పదనం పడగొడుతుంది. నీళ్లలోంచి తేలిన హీటర్ పగులుతుంది. స్కిమ్మర్ పొంగుతుంది. చేప గొడవలో వీటిని ఎవరూ చూడరు. ఉప్పునీళ్ల తడి చేతులతో స్విచ్ బోర్డు ముట్టుకోకండి, పక్కన ఎవరైనా ఉంటే ఆ పని వాళ్లకి అప్పగించండి.

వాల్వ్ మూశాక కాస్త ఆగండి. లాగడం ఆగితే చాలా చేపలు వాటంతట అవే పైకి ఈదుకొస్తాయి. క్లౌన్ ఫిష్ మొండిది, దానికి అవకాశం ఇవ్వండి. ఓవర్‌ఫ్లో బాక్సు మీద చిన్న వెలుతురు ఉంచి గదంతా చీకటి చేయండి. అయితే గంటల తరబడి అలా వదిలేయకూడదు. ఒక అంగుళం పైపు రెండడుగుల పొడవుంటే దాంట్లో పట్టే నీళ్లు సుమారు 330 మిల్లీలీటర్లే. పైగా 25 డిగ్రీల దగ్గర మంచినీళ్లు లీటరుకు 8 మిల్లీగ్రాముల పైన ఆక్సిజన్ పట్టుకోగలిగితే, సముద్రపు నీళ్లు 7 లోపే పట్టుకుంటాయి. భయపడ్డ చేప ఆ కాస్తనీ త్వరగా వాడేస్తుంది. అందుకని మధ్యమధ్యలో వాల్వ్‌ని వెంట్రుకవాసి తెరిచి, కొత్త నీళ్లు పై నుంచి దిగేలా చేసి మళ్లీ మూయండి. దీంతో ఇంకో ఉపయోగం ఉంది. చేపలు ప్రవాహానికి ఎదురు తిరుగుతాయి. నీళ్లు మెల్లగా కిందికి పోతుంటే, తిరగడానికి చోటున్న చేప తల పైకి పెడుతుంది. తల పైకి వస్తే సగం పని అయిపోయినట్టే.

మా ఫైర్‌ఫిష్ అలా రాలేదు. తల కిందికి పెట్టి ఎల్బో మెడలో దిగబడింది, తిరిగే చోటు లేదు. ఇలాంటప్పుడు పై నుంచి తీగలు, కొక్కేలు దింపాలనిపిస్తుంది. దయచేసి వద్దు. చేప ఒంటి మీద ముళ్లూ పొలుసులూ వెనక్కి వాలి ఉంటాయి. తోక పట్టి లాగితే రెక్కల ముళ్లన్నీ లేచి పైపు గోడకి పట్టేస్తాయి. ట్రిగర్‌ఫిష్ అయితే వీపు ముల్లుని నిలబెట్టి తాళం వేసుకుంటుంది, అప్పుడు లాగితే చీలిపోవాల్సిందే.

నేను చేసింది నీళ్లని కింది నుంచి పైకి పంపడం. ఉప్పునీళ్లు కలపడానికి వాడే చిన్న పంపుని సంపులో ముంచి, దాని గొట్టాన్ని డ్రెయిన్ పైపు చివరలోకి దూర్చి, సందుల్లో తడిగుడ్డ చుట్టాను. ముందు పంపు ఆన్ చేసి, ఆ తర్వాతే వాల్వ్‌ని కొద్దికొద్దిగా తెరిచాను. ఈ వరస తారుమారు కాకూడదు. వాల్వ్ ముందు తెరిస్తే పైపులో ఉన్న నీళ్లు చేపతో సహా కిందికి జారతాయి. పంపు బలం కూడా చూసుకోవాలి. ఎంత ఎత్తుకి నీళ్లు ఎక్కించగలదో పంపు మీదో పెట్టె మీదో రాసి ఉంటుంది. సంపు నుంచి ఓవర్‌ఫ్లో అంచుదాకా ఉన్న ఎత్తు కంటే అది బాగా ఎక్కువ ఉండాలి. లేకపోతే వాల్వ్ తెరవగానే నీళ్లు పంపులోంచే వెనక్కి వస్తాయి.

ఈ పద్ధతిలో నాకు నచ్చేది ఏమిటంటే, తల కిందికున్న చేపకి ఎదురు నీళ్లు నోట్లోంచి వెళ్లి మొప్పల్లోంచి బయటికొస్తాయి. అంటే వెనక్కి తోస్తూనే దానికి ఊపిరి కూడా అందిస్తున్నాం. వాల్వ్ కొంచెం తెరిచి, టార్చ్ వేసి నీడ చూసి, ఇంకొంచెం తెరిచాను. నీడ పెన్సిల్ గీత దాటి పైకి జరగడం కనబడింది. ఆ తర్వాత తొందరపడలేదు. పైపు మూతిలో ముందు ముదురు ఎరుపు తోక తేలింది, దాని వెనకే తెల్లటి మెడ. బాక్సులోకి రాగానే అది అడుగుకి వెళ్లి నక్కింది. అప్పటికే పారదర్శకమైన ప్లాస్టిక్ డబ్బా పట్టుకుని ఉన్నాను. అది మళ్లీ పైపు వైపు తిరిగేలోపు మూతి మీద జాలీ ముక్క పెట్టేశాను. ఈ జాలీ ముక్క ముందే చేతికి అందేలా పెట్టుకోవడం మర్చిపోకండి, బెదిరిన చేప దాక్కోవడానికి మళ్లీ అదే కన్నం వెతుక్కుంటుంది.

వల బదులు డబ్బా ఎందుకంటే, సముద్రపు చేపకి ఒంటి మీది జిగురు పొర చాలా ముఖ్యం. చుట్టూ ఉప్పెక్కువ నీళ్లు కాబట్టి దాని ఒంట్లోంచి నీరు ఎప్పుడూ బయటికి పోతూనే ఉంటుంది, అందుకే అది సముద్రపు నీళ్లు తాగుతూ బతుకుతుంది. ఒళ్లు గీరుకుపోయిన చోట ఆ నష్టం ఇంకా పెరుగుతుంది. పైపులో ఇప్పటికే గీరుకున్న చేపని వలతో మళ్లీ గీరకూడదు. చేత్తో పట్టుకోవాలని అసలే చూడకండి. మీది క్లౌన్ ఫిష్ కాబట్టి మీకు ప్రమాదం లేదు కానీ, లయన్‌ఫిష్, ఫాక్స్‌ఫేస్ లాంటివాటి ముళ్లలో విషం ఉంటుంది. ఇది చదివే మిగతావాళ్లు గుర్తుపెట్టుకోండి.

పైపు కోయడం గురించి. పైపు యూనియన్ (మరతో బిగించే జాయింటు) దగ్గర మర తిప్పి విడదీయగలిగితే అదే మేలు. వాల్వ్ మూసి, విడదీసిన ముక్కని నీళ్లతో సహా బకెట్‌లోకి వంచండి. చాలా ట్యాంకుల్లో ఓవర్‌ఫ్లో లోపలి నిలువు పైపు అతికించి ఉండదు, బల్క్‌హెడ్‌లో (ట్యాంకు కన్నానికి బిగించే, నీరు కారని బిగింపు) దూర్చి మాత్రమే ఉంటుంది. కింద వాల్వ్ మూసి ఉంటే దాన్ని మెల్లగా తిప్పుతూ పైకి లాగొచ్చు. వాల్వ్ తెరిచి ఉండగా లాగితే బాక్సులో నీళ్లన్నీ ఒక్కసారి సంపులో పడతాయి, సంపులో అంత చోటుందో లేదో ముందే చూసుకోవాలి. ఇవేవీ కుదరక, నీడ కదలడం ఆగిపోతుంటే అప్పుడు కోయండి. గీతకి కనీసం జానెడు దూరంలో, చేతిరంపంతో. నీళ్ల దగ్గర కరెంటు రంపం వద్దే వద్దు. తిరిగి కలిపేటప్పుడు జిగురుతో అతికించే బదులు క్లాంపులున్న రబ్బరు కప్లింగ్ వేస్తే అదే రోజు నీళ్లు తిప్పొచ్చు. పీవీసీ జిగురు పూర్తిగా ఆరకుండా దాంట్లోంచి ట్యాంకు నీళ్లు పంపకూడదు.

బయటికొచ్చాక వెంటనే వదలొచ్చా అన్నారు. నేనైతే వదలను. కన్నాలున్న అక్లిమేషన్ బాక్సుని (చేపని అలవాటు చేయడానికి వేరుగా ఉంచే పెట్టె) ట్యాంకులోనే వేలాడదీసి, అందులో పెట్టండి. నీళ్లు అవే, వేడి అదే, ఉప్పదనం అదే, మిగతా చేపలు మాత్రం కరవలేవు. లైట్లు ఆ రోజంతా ఆపేయండి. మొప్పలు వేగంగా కొట్టుకోవడం మొదట్లో మామూలే, కొన్ని గంటల్లో నెమ్మదించాలి. ఆ రోజు తిండి పెట్టకపోయినా ఫర్వాలేదు, మర్నాడు కొంచెం పెట్టి చూడండి. మంచినీళ్లలో ముంచడం, మందులు పోయడం ఇప్పుడు చేయకండి. రాగి ఉన్న మందు పగడాలున్న ట్యాంకులో ఎప్పుడూ వాడకూడదు, అది పగడాలనీ రొయ్యల్నీ చంపేస్తుంది. రెక్కలు చిరిగి ఉంటే బాధపడకండి, అవి మళ్లీ వస్తాయి. మా ఫైర్‌ఫిష్ వీపు మీది పొడవాటి ఈక సగానికి తెగింది, తర్వాత పెరిగింది. గీరుకున్న చోట తెల్లగా బూజులా ఊరడం, లేదా తర్వాతి వారాల్లో ఒంటి మీద ఉప్పు చల్లినట్టు చుక్కలు రావడం కనబడితే, అప్పుడు వేరే ట్యాంకులోకి మార్చి వైద్యం చేయండి.

మీ క్లౌన్‌కి జత ఉందా? ఉంటే తిరిగి కలిపేటప్పుడు దగ్గరుండి చూడండి. జంటలో పెద్దది ఆడది, పెత్తనం దానిదే. కొద్ది రోజులు కనబడని చిన్నదాన్ని అది కొత్తదిగా చూసి తరమొచ్చు. బాక్సులోంచి రెండూ ఒకదాన్నొకటి చూసుకుంటూ ఉంటే ఆ గొడవ బాగా తగ్గుతుంది.

చేప కోలుకున్నాక ఓవర్‌ఫ్లో పళ్ల మీద (నీళ్లు బాక్సులోకి దిగే, దువ్వెన లాంటి గాళ్లు) జాలీ బిగించండి. 6 మిల్లీమీటర్ల కన్నాలున్న ప్లాస్టిక్ జాలీ చాలు, లోహపు జాలీ ఉప్పునీళ్లలో పెట్టొద్దు. డ్రెయిన్ పైపు మూతికి కూడా జల్లెడ మూత పెట్టండి. ఎమర్జెన్సీ పైపుకి మాత్రం పెట్టకండి, అది ఎప్పుడూ తెరిచి ఉండాలి. జాలీ మీద నాచు పేరుకుంటే ట్యాంకులో మట్టం పెరుగుతుంది, అందుకని నీళ్లు మార్చిన ప్రతిసారీ దాన్ని తోమండి. క్లౌన్‌లు రాత్రి పై నీళ్లలో మూలకి చేరి పడుకుంటాయి, లైట్లు ఒక్కసారిగా ఆరితే బెదిరి దూకుతాయి. లైట్లు మెల్లగా తగ్గేలా టైమర్ పెట్టగలిగితే పెట్టండి.

మీ డ్రెయిన్‌కి వాల్వ్ ఉందా, నిలువు పైపు అతికించి ఉందా లేదా అన్న రెండు సంగతులు మీరు రాయలేదు. ఆ రెండూ చెబితే మీ ట్యాంకుకి ఏ వరసలో చేయాలో ఇంకా కచ్చితంగా చెప్పగలను.