సీక్వెన్సర్ సందేహాలు: వెనక్కి తిప్పితే తాళం ఎందుకు తప్పుతోంది?

ప్రశ్న: నా సీక్వెన్సర్‌లో (స్టెప్పులనే గడుల్లో పెట్టిన నోట్లను వరసగా వాయించే మెషీన్) డ్రమ్స్ 16 స్టెప్పులు, అంటే నాలుగు బీట్ల ఒక బార్; బేస్ 8 స్టెప్పులు. బేస్‌ని పెండ్యులమ్‌లో (చివరిదాకా వెళ్లి వెనక్కి తిరిగొచ్చే పద్ధతి) పెట్టగానే రెండో బార్ నుంచే డ్రమ్స్‌తో కలవడం లేదు. మెషీన్‌లో లోపమా?

జవాబు: లోపం కాదండీ, లెక్క. పెండ్యులమ్ రెండు రకాలు. ఒకటి చివరి స్టెప్పులను రెండేసిసార్లు వాయిస్తుంది: 1 నుంచి 8, మళ్లీ 8 నుంచి 1. మొత్తం 16, డ్రమ్స్‌తో సరిపోతుంది. రెండోది 8 దాకా వెళ్లి 7, 6, 5 అంటూ 2 వరకు వచ్చి మళ్లీ 1 ఎత్తుకుంటుంది. ఇది 14 స్టెప్పులే. అందుకే రెండో బార్ మొదలయ్యేసరికి బేస్ రెండు స్టెప్పులు ముందుకు జరిగిపోతుంది. 112 స్టెప్పులు, అంటే ఏడు బార్లు గడిచాకే మళ్లీ రెండూ కలుస్తాయి.

మీది ఏ రకమో తేల్చుకోవడానికి 8వ స్టెప్‌లో మాత్రమే ఒక పొట్టి నోట్ ఉంచి వినండి. వెంటవెంటనే రెండుసార్లు మోగితే మొదటి రకం. ఒక్కసారే మోగితే బేస్ పొడవును 9 చేయండి. 9 వెళ్లి, 7 తిరిగొస్తే 16. పైగా 9వ స్టెప్ సరిగ్గా మూడో బీట్ మీద పడుతుంది కాబట్టి అక్కడ బలమైన నోట్ పెట్టుకోవచ్చు. ఆ 14 స్టెప్పుల జారుడు బేస్‌కి పనికిరాదు గానీ, గంట లాంటి సన్నని శబ్దానికి చాలా బాగుంటుంది. అక్కడ అలాగే వదిలేయండి.

ప్రశ్న: డ్రమ్ ప్యాటర్న్‌ని రివర్స్ చేస్తే కిక్ బీట్ మీద పడటం లేదు. ఎందుకు?

జవాబు: చాలా మెషీన్లలో రివర్స్ 16వ స్టెప్‌తో మొదలవుతుంది. మీ కిక్‌లు 1, 5, 9, 13లో ఉంటే అవి 4, 8, 12, 16వ స్థానాల్లో వినిపిస్తాయి, అంటే ప్రతి కిక్ బీట్‌కి ఒక స్టెప్ ముందే పడుతుంది. ప్యాటర్న్ మొత్తాన్ని ఎడమకి ఒక స్టెప్ జరపండి, సర్దుకుంటుంది. మెలడీ ట్రాకుల్లో ఇంకో చిక్కుంది. రివర్స్‌లో తిరగబడేది స్టెప్పుల వరస మాత్రమే, నోట్ కాదు. 5వ స్టెప్‌లో నాలుగు స్టెప్పుల పొడవున్న నోట్ ఉందనుకోండి. మామూలుగా అది 6, 7, 8 మీదుగా సాగుతుంది, రివర్స్‌లో 4, 3, 2 మీదుగా. అక్కడ వేరే నోట్లుంటే మోనో సింథ్‌లో (ఒకసారికి ఒకే నోట్ వాయించేది) ఇది మధ్యలోనే తెగిపోతుంది. గేట్ (నోట్ మోగే పొడవు) తగ్గించండి.

ప్రశ్న: అన్ని స్టెప్పులకూ ప్రాబబిలిటీ (నోట్ మోగే అవకాశం) 50 శాతం ఇచ్చాను. గ్రూవే లేకుండా పోయింది.

జవాబు: పోతుంది మరి. నాలుగు కిక్‌లకూ 50 శాతం ఇస్తే నాలుగూ మోగే బార్ సగటున 16లో ఒక్కటే. 90 శాతం చాలా ఎక్కువనిపిస్తుంది గానీ, ఎనిమిది నోట్లకి ఇస్తే అన్నీ పూర్తిగా వినిపించే అవకాశం 43 శాతమే. చెవికి పట్టు దొరకాలంటే కొన్ని కదలకూడదు. కిక్, స్నేర్ 100 దగ్గరే ఉంచండి. బీట్ల మధ్య పడే హై-హ్యాట్‌లకి 60-75, మెల్లగా మోగే అదనపు స్నేర్‌కి 25-30 ఇచ్చి చూడండి. స్లైడ్ మొదలయ్యే నోట్‌ని కూడా 100లోనే ఉంచాలి, అది మోగకపోతే తర్వాతి నోట్ ఎక్కడి నుంచి జారాలి?

ఫిల్ (అప్పుడప్పుడు వచ్చే చిన్న డ్రమ్ మలుపు) లాంటివి ప్రాబబిలిటీకి వదలకండి. ఎలెక్ట్రాన్ (Elektron) కంపెనీ మెషీన్లలో 1:4 అనే కండిషన్ ఉంది: నాలుగు రౌండ్లలో మొదటిసారి మాత్రమే, తప్పకుండా మోగుతుంది. ర్యాండమ్ డైరెక్షన్‌లో ఏ నోట్ తర్వాత ఏదైనా రావచ్చు కాబట్టి సి, డి, ఇ, జి, ఎ లాంటి ఐదు స్వరాలకే పరిమితం కండి. మెషీన్‌లో బ్రౌనియన్ ఉంటే ముందు దాన్ని ప్రయత్నించండి. పక్క స్టెప్‌కే అటో ఇటో నడుస్తుంది కనుక మీరు రాసిన మెలడీ పోలిక నిలుస్తుంది.

ప్లే నొక్కే ముందే మిడి అవుట్‌ని (మెషీన్ బయటికి పంపే నోట్ల సమాచారం) కంప్యూటర్‌లో రికార్డుకి పెట్టండి. నచ్చిన వరస మళ్లీ అలాగే వస్తుందన్న హామీ లేదు.