నెలలు నిండకుండా పుట్టిన పాప ఎత్తు పెరగడం లేదు, గ్రోత్ హార్మోన్ పరీక్ష చేయించాలా?

31 వారాలకు పుట్టిన మీ పాపకు 22 నెలలు వచ్చినా ఎత్తు రావడం లేదని, గ్రోత్ హార్మోన్ పరీక్ష చేయించమంటారా అని అడిగారు. మా బాబు 30 వారాలకే పుట్టాడు, 1,240 గ్రాములు. మీరడిగిన పరీక్షే చేయించి మేం పడ్డ కంగారు అంతా ఇంతా కాదు.

థైరాయిడ్ లోపమున్నా పిల్లల ఎదుగుదల ఆగుతుంది కాబట్టి, దానికంటే ముందు డిశ్చార్జి కాగితాలు తీసి, థైరాయిడ్ పరీక్ష రెండోసారి చేశారో లేదో చూడండి. నెల తక్కువ పిల్లల్లో థైరాయిడ్‌ను నడిపే పిట్యూటరీ (మెదడు కింద ఉండే గ్రంథి) ఇంకా కుదురుకోదు. అందుకని లోపమున్నా, పిట్యూటరీ థైరాయిడ్‌కు పంపే హార్మోన్ అయిన టీఎస్‌హెచ్ మొదటి వారంలో పెరగక, కొన్ని వారాలకు బయటపడొచ్చు. మావాడికి నాలుగో రోజు రిపోర్టు నార్మల్. నాలుగో వారంలో మళ్ళీ తీస్తే 40 దాటింది. మళ్ళీ తీయాల్సిందేనని పట్టుబట్టిన డ్యూటీ డాక్టరమ్మకు ఇప్పటికీ మనసులోనే దణ్ణం పెట్టుకుంటాను. థైరాక్సిన్ (థైరాయిడ్ హార్మోన్) మాత్రను రెండు చెంచాల మధ్య నలిపి, నాలుగు చుక్కల చనుబాలలో కలిపి పట్టేదాన్ని. చెంచా అంచుకు అంటుకున్న తెల్లటి పొడిని కూడా వేలితో తీసి వాడి నాలుక మీద రాసేదాన్ని. ఐరన్ చుక్కలు దాంతోపాటు వేస్తే మాత్ర ఒంటికి పట్టదని, వాటిని సాయంత్రానికి మార్చాం. మూడేళ్ళు నిండాక డాక్టరు చెప్పి నెల రోజులు ఆపించారు, పరీక్షలో అంతా మామూలే వచ్చింది. అందరికీ అలా కుదరదు, మీ అంతట మీరు మాత్రం ఎప్పుడూ ఆపొద్దు. మీ పాపకు రెండో పరీక్ష జరగకపోతే ఈ వారమే టీ4 (థైరాయిడ్ విడుదల చేసే హార్మోన్), టీఎస్‌హెచ్ చేయించండి.

గ్రోత్ హార్మోన్ సంగతి వేరు. అది రోజంతా ఒకే మట్టంలో ఉండదు, విడతలు విడతలుగా, ఎక్కువగా గాఢనిద్రలో వస్తుంది. పగలు ఒక్కసారి రక్తం తీస్తే తక్కువ కనబడటం మామూలే. వాడు ఎదుగూ బొదుగూ లేకుండా ఉన్నాడని మా అత్తయ్య బెంగపడుతుంటే, ఇది తెలియక ఓ ల్యాబులో చేయించాం. 'తక్కువ' అని చూసి రెండు రాత్రులు నిద్రపోలేదు. ఎండోక్రైనాలజిస్టు (హార్మోన్ల డాక్టరు) ఆ కాగితం పక్కన పెట్టేసి గ్రోత్ చార్టు (వయసుకు తగ్గ ఎత్తు గీతలుండే కాగితం) అడిగారు. అవసరమైతే ముందు ఐజీఎఫ్-1 (గ్రోత్ హార్మోన్ వల్ల ఒంట్లో తయారయ్యేది) చూస్తారట, అదీ తిండి సరిగా లేకపోతే తగ్గుతుంది. అప్పటికీ అనుమానముంటే గ్రోత్ హార్మోన్ విడుదలయ్యేలా మందిచ్చి, గంటల తరబడి కొద్దికొద్దిగా రక్తం తీసే స్టిమ్యులేషన్ పరీక్ష.

చార్టు చూసేటప్పుడు పాప 9 వారాలు ముందు పుట్టిందని మరవకండి, 20 నెలల దగ్గర చుక్క పెట్టాలి. రెండేళ్ళలోపు పడుకోబెట్టి, బల్ల మీద కాళ్ళు చాపి కొలవాలి. గింజుకుంటున్న మావాడికి టేపు పెట్టి కొలిస్తే, కిందటి నెలకంటే ఒకటిన్నర సెంటీమీటరు తగ్గాడని వచ్చింది!

వారాలకు తగ్గ బరువు లేకుండా పుట్టినవాళ్ళలో కూడా 10 మందిలో 9 మంది దాదాపు రెండేళ్ళకు ఎత్తులో మిగతా పిల్లల్ని అందుకుంటారు. నెల తక్కువ పిల్లలకు ఇంకొంచెం ఆలస్యమవుతుంది, కొందరికి నాలుగేళ్ళు పడుతుంది. గీత వెంటే పైకి పోతుంటే ఆగండి. గీత దాటి కిందికి జారుతుంటే మాత్రం ఆగకుండా పిల్లల ఎండోక్రైనాలజిస్టుకు చూపించండి. పుట్టిన బరువు, ఆరు నెలల కిందటి ఎత్తు, ఇప్పటి ఎత్తు రాస్తారా? వాటిని బట్టి మాకు చెప్పిన సంగతులు ఇంకేమైనా మీకు పనికొస్తాయేమో చూసి చెప్తాను.