ఊలు ముచ్చట్లు: కృష్ణ నీళ్ళు స్వెట్టర్ మీదికి ఎట్ల తేవాలె?

ప్రశ్న: అక్కా, నాకు సూదులతోటి అల్లే నిట్, పర్ల్ కుట్లు రెండూ వచ్చు, ప్లెయిన్ స్వెట్టర్లు చేసిన. మా నాయిన సాగర్ డ్యామ్ మీద పనిచేసి రిటైర్ అయిండు, ఆయనకు కృష్ణ అలలు కనపడేటట్టు ఒక హాఫ్ స్వెట్టర్ అల్లాలని ఉంది. వీడియోలు చూసి నీలం ఊలు నాలుగు షేడ్లు తెచ్చిన కానీ కొంచెం అల్లి చూస్తే గీతల టీషర్ట్ లెక్కనే ఉంది, నది ఎక్కడా కనపడ్తలేదు. ఏం చెయ్యమంటవ్?
– ఒక చెల్లె, హాలియా

జవాబు: చెల్లె, నీలం ఎందుకు తెచ్చినవ్? మన కృష్ణ ఆకాశం మంచిగున్న రోజు దూరం నించి చూస్తె తప్ప ఎప్పుడు నీలంగ ఉంది చెప్పు. జూలై, ఆగస్టుల పైనుంచి వరదొస్తే ఎర్రగ బురద, గేట్లెత్తితే తెల్ల నురగ, చలికాలం తేరినంక ఆకుపచ్చ, ఎండాకాలం చూస్తె నీళ్ళ కన్నా బండలే ఎక్కువ. ఆ వీడియోల్లో చేసేటోళ్ళది సముద్రం, వాళ్ళ రంగులు వాళ్ళయి.

ఇంకోటి, అల రంగుతోటి రాదు, కుట్టుతోటి వస్తది. ఇంగ్లండ్, స్కాట్లాండ్ ఒడ్డున చేపలు పట్టేటోళ్ళు తొడిగిన గాన్సీ అని ఒక స్వెట్టర్ ఉంది, ఎక్కువ ముదురు నీలమే, ఐదు పేటల ఊలు, గాలి దూరకుండ గట్టిగ అల్లుతరు. దాని మీద తాళ్ళు, నిచ్చెనలు, వల కండ్లు అన్నీ ఉంటయి కానీ రంగు మాత్రం ఒక్కటే. నిట్ చేసిన కాడ నున్నగ, పర్ల్ చేసిన కాడ ఉబ్బుగ వస్తది కదా, ఆ ఉబ్బు నీడతోటే బొమ్మంత.

అందుకని నాయినకు లేత బూడిదో ఇసుక రంగో ఒక్కటే తీస్కో, ముదురు రంగైతే కష్టపడ్డ డిజైన్ అంత తేటగ కనపడదు. నీళ్ళు తగ్గినంక సాగర్ బ్యాక్ వాటర్ దిక్కు గుట్టల మీద నీళ్ళు దిగిన గీతలు మెట్లు మెట్లుగ ఉంటయి చూడు, డ్యామ్ మీద పనిచేసిన మనిషికి అలల కన్నా అవ్వే ఎక్కువ తెలుస్తయని నా నమ్మకం. ప్లెయిన్ అల్లుకుంట పోయి, మంచి దిక్కు, అంటే బయటికి కనపడే దిక్కు, ఒక వరుస పర్ల్ వెయ్యి, గీత లేస్తది. కింద దగ్గర దగ్గరగ వేసి పైకి పోయినకొద్దీ దూరం పెంచు, గీతను అక్కడక్కడ రెండు మూడు కుట్లు నిట్ చేసి తెంపు. స్కేలు పెట్టినట్టు సమానంగ వస్తే మళ్ళ నీ టీషర్టే.

అలలే కావాలె అంటే అవి నీకు మఫ్లర్ మీద చేస్కో, ఆ డిజైన్‌కు బొక్కలు పడ్తయి, నాయిన తొడగడు. షెట్లాండ్ దీవుల నించి వచ్చిన అల్లిక, ఫెదర్ అండ్ ఫ్యాన్ అంటరు, 18 కుట్లకు ఒక అల. మొదటి వరుస నిట్, రెండోది పర్ల్, మూడోదాంట్ల అసలు పని: రెండు కుట్లు కలిపి ఒకటిగ నిట్, ఇట్ల 3 సార్లు, తర్వాత దారం సూది మీదికి వేసి ఒక నిట్, ఇట్ల 6 సార్లు, మళ్ళ రెండు కలిపి ఒకటి 3 సార్లు. నాలుగోది మొత్తం నిట్. కలిపిన కాడ కుట్లు దగ్గరికి గుంజుకుంటయి, పెంచిన కాడ విచ్చుకుంటయి, అంచు దానంతటదే వంకర తిరుగుతది. 54 కుట్లు వేస్తే పక్కపక్కన మూడు అలలు, అటూ ఇటూ రెండేసి కుట్లు అంచుకు ఎక్కువ పెట్టుకో.

ఇక ఆ మఫ్లర్‌కు రంగులు. సాగర్ నిండితే 590 అడుగులు, కింద 510 వరకు లెక్క. పదేసి అడుగులకు ఒక రంగు అనుకుంటే 8 రంగులు. పేపర్ల నీటిమట్టం వస్తనే ఉంటది కదా, వారానికి ఒకసారి చూసి ఆ రంగుతోటి 8 వరుసలు అల్లు. ఏడాదికి 416 వరుసలు, మామూలు ఊలుకు నాలుగు అడుగుల పైనే పొడుగొస్తది. రంగులు నువ్వు ఏరుకున్నట్టు ఉండదు, వరద ఎట్లొస్తే అట్ల. ఆ నీలం ఊలు వాపస్ తీస్కోకపోతే ఒక షేడ్ దీంట్ల కలుపు.

ప్రశ్న: అక్కా, సముద్రం కాడ ఊరికో స్వెట్టర్ డిజైన్ ఉంటదని, మునిగిపోయినోళ్ళను దాన్ని చూసే గుర్తుపట్టేటోళ్ళని చదివిన. నిజమేనా?
– మహబూబ్‌నగర్ నించి

జవాబు: మస్తు చెప్తరు ఆ కథ, స్వెట్టర్లు అమ్మేటోళ్ళు ఇంకా ఎక్కువ చెప్తరు. దానికి బలం వచ్చింది సింగ్ అనే ఐరిష్ రచయిత నాటకం నించి, 1904ల ఆడిండ్రు, ‘రైడర్స్ టు ద సీ’. దాంట్ల చెల్లె తన అన్నను గుర్తుపట్టేది స్వెట్టర్ డిజైన్‌తోటి కాదు, తను అల్లిన మేజోడుల జారిపోయిన నాలుగు కుట్లతోటి. డిజైన్లు ఒక ఊరి నించి ఇంకో ఊరికి పోతనే ఉండె, చేపల పని కోసం ఆడోళ్ళు కూడ రేవు రేవు తిరిగేటోళ్ళు. కొందరు కింది అంచు పైన పేరు పొడి అక్షరాలు అల్లుకున్నది మాత్రం నిజం.

గాన్సీ అల్లేటోళ్ళ దగ్గర మనం నేర్సుకోవాల్సింది వేరే ఉంది, స్వెట్టర్ చేతులకు భుజం కాడ కుట్లు ఎత్తుకొని మణికట్టు దాకా కిందికి అల్లుతరు. అంచు అరిగితే కింది నించి విప్పి మళ్ళ అల్లుడే, పిల్లల స్వెట్టర్లకు ఇది చానా పనికొస్తది, చేతులు పొడుగు చేసుకోవచ్చు.

ప్రశ్న: మా ఊర్ల గొంగడి నేసేటోళ్ళ దగ్గర నల్ల ఉన్ని దారం దొరుకుతది. నది ఒడ్డు బండల లెక్క ఉంటది, దాంతోటి స్వెట్టర్ అల్లొచ్చా అక్కా?
– మక్తల్ నించి

జవాబు: అల్లొచ్చు, తొడగరాదు. దక్కనీ గొర్రె ఉన్ని మొరటు, మెడ కాడ గుచ్చుతది. చేతిసంచో, కింద కూసునే ఆసనమో చెయ్యి, బండల రంగు నిజంగనే వస్తది దాంట్ల. దారం మాత్రం చింతగింజల గంజి పెట్టకముందే అడిగి తీస్కో, గంజి పట్టినంక సూది మీద కదలదు.