గురక పెడుతున్న పావురాల గురించి మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

మేడ మీది గూటిలో నాలుగు పావురాలు రాత్రిపూట గురగురమంటున్నాయని, ఒక మగపిట్టకు కుడికంట నీరు కారుతోందని రాశావు. ఎవరో చెప్పిన పొడిని నీళ్ళలో కలిపే ముందు ఒక గంటసేపు గూటి ఎదుట ఊరికే కూర్చుని చూడు. ఆరోగ్యమైన పావురానికి ముక్కు మీది బొడిపె సున్నం పూసినట్టు తెల్లగా, పొడిగా ఉంటుంది. జబ్బు పిట్టకు అది తడిసి బూడిదరంగుకు తిరుగుతుంది. కదలకుండా కూర్చున్న పిట్ట కూడా నోరు తెరిచి, ప్రతి ఊపిరికీ తోక ఆడిస్తూ ఉంటే జబ్బు లోపలి గాలితిత్తుల దాకా దిగిందని భయపడాలి.

ఒక కన్నే వాచి నీరు కారితే ముందుగా క్లమీడియా అనే బాక్టీరియాను అనుమానిస్తారు. గొంతులో పసుపుపచ్చని జున్నుముక్కలాంటిది కనబడితే మాత్రం అది చాలావరకు ట్రైకోమొనాస్ అనే సూక్ష్మజీవి పని; పెద్ద పిట్టలు తమ గొంతుసంచిలో ఊరించి పిల్లలకు పట్టే పాలతో కూడా అది అంటుకుంటుంది, క్లమీడియాకు వాడే డాక్సీసైక్లిన్ దానికి పనిచేయదు. అందుకే జబ్బు పిట్టలను వేరు చేసి, పశువైద్యునికి చూపించాకే మందు మొదలుపెట్టు.

ఒకసారి నేను పది రోజులు డాక్సీసైక్లిన్ పోసినా గురక తగ్గక డాక్టరునే తిట్టుకున్నాను. ఆయన వచ్చి, గూటి మూలనున్న ఆలుచిప్పల పొడి మూకుడును బయట పెట్టించారు. అందులోని కాల్షియం మందును పట్టేసి ఒంటికి అందనివ్వదట. మందు పోసినన్నాళ్ళూ ఆ మూకుడు గూట్లో ఉండకూడదు.

చలి తగలకూడదని చుట్టూ టార్పాలిన్ కట్టానన్నావు. అది నాకు నచ్చలేదు. పొద్దున్నే గూట్లో తల పెడితే నీ కళ్ళు మండుతున్నాయంటే, రెట్ట నుంచి లేచే అమోనియా రాత్రంతా పిట్టల ఊపిరిని కాల్చినట్టే. పైభాగం విప్పి గాలి ఆడనివ్వు. బూజు వాసన వచ్చే జొన్నలు ఎంత ఖరీదైనవైనా పారబోయి. ఆ బూజు ఊపిరితిత్తుల్లో మొలిస్తే నయం చేయడం చాలా కష్టం. సంతలో కొన్న జతను ఇకపై నెల రోజులు విడిగా ఉంచాకే గుంపులో కలుపు.

రెట్ట గీకే ముందు నీళ్ళు చల్లి, మాస్కు కట్టుకో. క్లమీడియా మనుషులకూ న్యుమోనియా తెస్తుంది. నీకు గానీ అక్కయ్యకు గానీ జ్వరంతో పొడిదగ్గు వస్తే, ఇంట్లో పావురాలున్నాయని డాక్టరుకు మీరే ముందుగా చెప్పండి. వారికి అడగాలని తోచకపోవచ్చు.

మీ మామయ్య